ఎవరి చెయ్యి

బ్రేకు పైపు చేసేవాడిని నమ్మడమంటే కళ్ళకు గంతలు కట్టుకుని నమ్మడమే. పైపు మూతిని గరాటులాగా విప్పుతాం, దాన్నే ఫ్లేర్ అంటాం. దాని వెనక నుంచి నట్టు వచ్చి బిగుసుకుంటుంది. బిగిశాక లోపల మూతి ఎలా ఉందో దేవుడికి, చేసినవాడికి తప్ప మూడోవాడికి తెలియదు. ఈ సంగతి ఊరందరికంటే బాగా తెలిసినవాడిని నేను. అయినా నన్నే నమ్మించి గొంతు కోశాడు శాంతిరాజు.

నా పేరు ఆంజనప్ప. మా తాత కుప్పం పక్క పల్లె నుంచి ఇక్కడి బంగారు గనిలో పనికి వచ్చాడు. శాంతిరాజు వాళ్ళు చర్చి వెనక గని కూలీల లైను ఇళ్ళలో ఉండేవాళ్ళు. ఇద్దరం భూమి అడుగున గాలి పైపులు, నూనె పైపులు అతికిన ఫిట్టర్లం. గని మూసేశాక మాతో పనిచేసినవాళ్ళు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయి వాచ్‌మెన్లయ్యారు. ఒకరి గేటు దగ్గర నిలబడి సలాం కొట్టడం నా వల్ల కాదు, నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. రాజు నన్ను వదిలి పోనన్నాడు. బంగారుపేట రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుని బ్రేకు పైపుల పని మొదలుపెట్టాం. ఇప్పుడు మా ఇద్దరి ఇళ్ళూ షెడ్డు వెనక సందులోనే.

గని నుంచి మేం తెచ్చుకున్న ఆస్తి ఒక్కటే, ఒక పద్ధతి. లోపల పైపు అతికాక వాల్వు తిప్పేవాడు గట్టిగా అడుగుతాడు, "ఎవరి చెయ్యి?" అని. అతికినవాడు ఆ అతుకు పక్కనే నిలబడి "నా చెయ్యే" అనాలి. అనకపోతే వాల్వు తిరగదు. గాలి తన్నుకొస్తే మొదట తగిలేది అతనికే కాబట్టి ఎవడూ అబద్ధం ఆడడు. షెడ్డులో కూడా అదే నడిపించాం. ఒకడు పైపు చేస్తే ఇంకొకడు సీట్లో కూర్చుని పెడలు తొక్కుతాడు. చేసినవాడు చక్రం పక్కన గొంతుక్కూర్చుని జవాబు చెబుతాడు. జీపు స్టాండు డ్రైవర్లు మొదట్లో నవ్వేవాళ్ళు. తర్వాత ఆ రెండు మాటలూ వినపడకపోతే బండి తీసేవాళ్ళు కాదు.

పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే వాడు చేసిన ద్రోహం మీకు అర్థం కాదు. గనిలో యంత్రాల నూనె పైపులకు మూతిని ముప్పై ఏడు డిగ్రీల వాలుతో విప్పేవాళ్ళం. మా దగ్గరికొచ్చే బండ్ల బ్రేకులకు నలభై అయిదు ఉండాలి. కొత్త బండ్లలో కొన్నిటికి గుండు మూతి ఉంటుంది, దాని సంగతి వేరు. ముప్పై ఏడు, నలభై అయిదు పక్కపక్కన పెడితే తెలియనివాడికి రెండూ ఒకటే. నట్టు కూడా మర్యాదగా ఎక్కుతుంది. పెడలు తొక్కితే గట్టిగానే ఉంటుంది. కానీ లోపల బయటి అంచు ఒక్కటే తగులుతూ ఉంటుంది, మిగతాదంతా గాలిలో ఉంటుంది. గతుకుల్లో నాలుగు రోజులు తిరిగాక ఆ అంచు చిట్లుతుంది. పైగా బ్రేకు పైపుకి డబుల్ ఫ్లేర్ వెయ్యాలి. మూతిని ముందు లోపలికి మడవాలి, తర్వాత కోనుతో ఒత్తాలి, జాకెట్టు అంచు మడిచి కుట్టినట్టు. ఇనప పైపుకి ఇలా చెయ్యాలంటే వేళ్ళలో బలం కావాలి.

రాజు గని నుంచి వచ్చేటప్పుడు పాత ముప్పై ఏడు టూల్ ఒకటి తెచ్చుకున్నాడు. దాని హ్యాండిలు పొడుగు, రెండు చేతులతో తిప్పుకోవచ్చు. "అది చచ్చిపోయిన గనిది రా, షెడ్డులోకి తేవద్దు" అన్నాను. తేలేదు. ఇంట్లోనే పెట్టుకున్నాడు.

ఒక ఏడాదిగా వాడు పైపు పని ఇంటి దగ్గరే చేసుకొస్తున్నాడు. "షెడ్డులో బల్ల ఊగుతాది అప్పా. ఇంటికాడ గట్టి బల్లకు పైపు పట్టే వైసు బిగించినాను" అన్నాడు. పాత పైపు కొలతకు పట్టుకుని సందులోకి పోయేవాడు, నేను టీ తాగేలోపు కొత్తది తెచ్చేవాడు. ఎంత చక్కగా ఉండేవి ఆ మూతులు! వాడి ముందు వాటిని మెచ్చుకున్నాను కూడా. "నీ చెయ్యి ముసలిదయ్యేకొద్దీ నాజూకవుతా ఉండాది" అన్నాను. వాడు తల వంచుకుని నట్లు ఏరుకున్నాడు. అణకువ అనుకున్నాను, నా బుద్ధి గడ్డి తిని.

ఒకరోజు బచ్చప్ప ట్రాక్స్ జీపు వచ్చింది. బచ్చప్ప స్టేషనుకు, ఆవని గుడి కొండకు మనుషుల్ని తోలేవాడు. వెనక చక్రాల పైపు తుప్పు పట్టింది. రాజు పైపు పట్టుకుని ఇంటికి పోయాడు, ఆ రోజు చాలాసేపు రాలేదు. వచ్చేసరికి చొక్కా చెమటతో తడిసి ఉంది. బిగించాడు. బచ్చప్ప రోడ్డవతల టీ అంగడిలో ఉన్నాడు, అక్కడికి మాటలు వినపడతాయి గానీ ఎవరి గొంతో తెలియదు. నేను సీట్లో కూర్చుని అడిగాను.

"ఎవరి చెయ్యి?"

"నా చెయ్యే."

పెడలు రాయిలాగా నిలబడింది. బండి పోయింది.

ఆ వారంలోనే ఆవని నుంచి యాత్రికులతో దిగుతుంటే వాలులో బచ్చప్ప కాలి కింద పెడలు సగానికి దిగిపోయింది. బండిని రోడ్డు పక్కకు తిప్పి టమేటా తోట గట్టుకు గుద్ది నిలబెట్టాడు. అతని చెయ్యి విరిగింది, లోపల ఉన్న ఒక ముసలామెకు తలకు కుట్లు పడ్డాయి. ప్రాణాలు పోలేదు, అంతే.

సంగతి తెలిసిన వెంటనే స్పానరు జేబులో వేసుకుని బస్సెక్కాను. బండి ఇంకా గట్టు మీదే వాలి ఉంది. వెనక నట్టు విప్పాను. సింగిల్ మూతి, ఒకే పొర, అంచు పొడుగునా చిట్లి ఉంది. పైపు రెండో కొస కూడా విప్పి చూశాను. అది చిట్లలేదు కానీ అదీ సింగిలే. వాలు చూడగానే తెలిసిపోయింది. ఇరవై ఏళ్ళు భూమి అడుగున చూసిన వాలు అది. ఆ గట్టు మీదే కూర్చున్నాను.

తప్పు ఎవరైనా చేస్తారు. పాత అలవాటు కొద్దీ చెయ్యి పాత టూల్ మీదికి పోయి ఉంటుంది, వాడే చెబుతాడు అనుకున్నాను. పైపు ముక్క గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాను కానీ వాడికి చూపించలేదు. వాడి నోటితో వాడే చెప్పాలని నా పంతం. మర్నాడు టీ తాగుతూ అడిగాను.

"ఏమై ఉంటాది రాజూ?"

"ఆయిలు కల్తీదేమోప్పా" అన్నాడు. మళ్ళీ వాడే, "బచ్చప్ప తోలకం నీకు తెలుసు గదా" అన్నాడు.

గ్లాసు అక్కడ పెట్టి లేచిపోయాను. కూర్చుంటే నా నోరు ఆగేది కాదు.

ఆ సాయంత్రం స్టాండు వాళ్ళంతా మా షెడ్డుకు వచ్చారు. విరిగిన చెయ్యి మెడకు తగిలించుకుని బచ్చప్ప కూడా వచ్చాడు. స్టాండుకు పెద్ద శ్రీరామప్ప, నిదానంగా మాట్లాడే మనిషి.

"మాకు కొట్లాట వద్దు. ఆ పైపు మీ ఇద్దురిలో ఎవురు చేసినారో చెప్పండి. ఆ చెయ్యి పడిన బండి ఇంగ మా స్టాండులో నిలబడదు, అంతే" అన్నాడు.

అంతే అంటే అంతా అన్నమాట. స్టాండు వద్దన్న ఫిట్టరుకు ఆ ఊళ్ళో సైకిలు కూడా ఎవరూ బాగుచెయ్యమని ఇవ్వరు. నాకు ఆ పని తప్ప ఇంకొకటి రాదు, ఆ పేరు తప్ప ఇంకేమీ లేదు. నేను రాజు వైపు తిరిగాను. అందరి ముందూ మా పాత మాటే అడిగాను. ఆ మాటకు వాడు అబద్ధం చెప్పడని నా గట్టి నమ్మకం.

"ఎవరి చెయ్యి రాజూ?"

వాడు నా వైపు చూడలేదు. శ్రీరామప్పను చూస్తూ చెప్పాడు.

"ఆంజనప్ప చెయ్యి."

భూమి అడుగున ఒకసారి నా పక్కనే గోడ కూలింది. అప్పుడు కూడా నాకు ఇలా ఊపిరి ఆడకుండా పోలేదు. వాడి కూతురు డయానా పెళ్ళికి పందిరి గుంజలు పాతినవాడిని నేను. మా అమ్మ పోతే నాకంటే ముందు పాడె కింద భుజం పెట్టినవాడు వాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఈశ్వరుణ్ణి కాను గానీ నా జేబులో పైపు ముక్క ఉంది.

గుడ్డ విప్పి ముక్కను బల్ల మీద పెట్టాను. చిట్లని కొసను మా నలభై అయిదు కోను మీద పెడితే అంచు మాత్రం తగిలి అటూ ఇటూ ఊగింది.

"ఇది గని వాలు. ముప్పై ఏడు. ఆ టూల్ యాడుండాదో వాణ్ణి అడగండి" అన్నాను.

శ్రీరామప్ప ఆ ముక్కను తిప్పి తిప్పి చూసి కింద పెట్టాడు. "మీరిద్దురూ గనోళ్ళేగా అప్పా. టూల్ ఎవురింట్లో ఉంటే ఏమి, ఎవురైనా తీసుకోవచ్చు. ఈ వాలు మాకేం తెలుస్తాది?"

నిజమే. చూపుకు రెండూ ఒకటే అని ముందే చెప్పాను కదా. కోపంలో నాకు తోచింది ఒక్కటే.

"అయితే ఇద్దురమూ ఇప్పుడే మీ ముందర చేస్తాము. ఇనప పైపు, డబుల్, నలభై అయిదు. ఎవురి చేతిలో తేడా ఉండాదో మీరే చూడండి."

ముందు నేను చేశాను. కోపంతో చేసినా మూతి సరిగ్గానే వచ్చింది. పైపు, టూల్ వాడి ముందు పెట్టాను. వాడు కదల్లేదు. "చెయ్యి రా" అని అరిచాను.

వాడు పైపు బిగించబోయాడు. టూల్ బిగించే రెక్క నట్టు వేళ్ళలోంచి జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు. రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పబోయాడు. ఆ వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, సున్నంలో ముంచినట్టు. ఫిట్టరు కాకముందు వాడు రాతి డ్రిల్లు పట్టాడు. ఆ డ్రిల్లు అదురుకు చాలామంది చేతులు చచ్చుబడటం నేను చూశాను. వాడి చేతుల్ని మాత్రం చూడలేదు. టూల్ జారి సిమెంటు మీద పడింది. వాడు వంగి దాన్ని తీసుకోబోయాడు, అదీ వేళ్ళకు చిక్కలేదు.

ఫిలోమినా ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు. రాజు పెళ్ళాం, సందులో అందరికీ జాకెట్లు కుట్టేది ఆమే. మెడలో కొలత టేపు అలాగే ఉంది. కింద పడిన టూల్ తీసి, కొంగుతో తుడిచి, బల్ల దగ్గర నిలబడింది. పైపు కోసింది, లోపలి అంచు గీకింది, మూతి విప్పాక ఎక్కని నట్టును ముందే ఎక్కించింది. ఆ నట్టు మరిచిపోవడంలోనే కొత్తవాళ్ళు దొరికిపోతారు, ఆమె మరిచిపోలేదు. మూతిని మడిచింది. నిదానంగా కోను తిప్పి ఒత్తింది. ఊడదీసి శ్రీరామప్ప ముందు నా పైపు పక్కన పెట్టింది.

ఆ మూతిని చూడగానే నాకు తెలిసింది. ఏడాదిగా నేను మెచ్చుకున్నది ఆ మూతినే.

"పోయిన ఏడాది నుంచి అన్నీ నేను చేసినవే" అంది. "ఆయప్ప వేళ్ళకు తెలివి లేదు. బొత్తాము పెట్టుకోనూ రాదు. ఆ పొద్దు మా చెల్లెలు జూలియాకు బాగలేదని బంగారుపేటకు పోయుంటిని. నేను వచ్చేవరకూ ఆగుండచ్చు. ఆగలేదు. గని టూల్ తీసినాడు. అదొక్కటే ఆయప్ప చెయ్యి."

నేను రాజు దగ్గరికి పోయాను. కొడతానని అనుకున్నారేమో, ఇద్దరు డ్రైవర్లు అడ్డం వచ్చారు.

"నా పేరెందుకు చెప్పినావు?" అని అడిగాను.

"నీకు పేరుండాది అప్పా" అన్నాడు. "ఒక మచ్చ పడినా నువ్వు తట్టుకుంటావనుకున్నా. నా చెయ్యి పోయిందని తెలిస్తే నేను ఇంగ యాడికి పోవాల?"

"నాకాడికి రావాల" అన్నాను. "ఇంగెక్కడికి పోతావు రా? నీకు వేళ్ళు లేకపోతే నేను లేనా? చూడు నా ముఖం."

వాడు చూడలేదు.

అబద్ధం చెప్పినందుకు కాదు నేను కుళ్ళిపోయింది. భయపడ్డ మనిషి పక్కవాణ్ణి ముందుకు తోస్తాడు, గనిలో చూడని విషయం కాదు. కానీ ఏడాదిపాటు చక్రం పక్కన కూర్చుని నేను అడిగిన ప్రతిసారీ "నా చెయ్యే" అన్నాడే, ఆ మాటల్లో ఒక్కటీ నిజం కాదు. నిజం చెప్పింది ఒక్కసారే, ఆ పైపే చిట్లింది. నేనేమో ఆ మాట మీద కాలు పెట్టి తొక్కుతూ, జనాన్ని ఎక్కించి పంపుతూ ఉన్నాను.

శ్రీరామప్ప గొంతు సవరించుకున్నాడు. "చెయ్యి తెలిసింది గదా" అని లేవబోయాడు. అప్పుడు బచ్చప్ప మాట్లాడాడు.

"నా ముందర చక్రాలకు పైపులు ఉగాది నాడు వేయించినాను. ఆ పొద్దు వెనక బ్రేకు పోయినా ముందర కొంచెం పట్టింది. అది పట్టబట్టే గట్టుదాకా వచ్చినాను. లేకుంటే లోయలో ఉందుము." ఫిలోమినా వైపు చూశాడు. "అయ్యి నీవేనా అమ్మా?"

"నావే" అంది.

"అయితే నా బండి ఈడికే వస్తాది. ఆయమ్మ చేసేటట్టుంటే" అన్నాడు.

నాకు ఆమెను షెడ్డులోకి రానివ్వాలని లేదు. ఏడాది అబద్ధంలో ఆమెకూ సగం వాటా ఉంది. ఆ మాట ముఖం మీదే అన్నాను. "మొగుడి పేరు నిలబెట్టినాను, అంతే అన్నా. నీ అన్నం తీయలా" అంది. వాడికి షెడ్డులో చోటు లేదన్నాను. సరేనంది. వారం తిరక్కుండా స్టాండు నుంచి బండ్లు రావడం మొదలైంది. అన్ని పైపులు నా ఒక్కడి వల్ల కావు. ఒకరోజు పొద్దున ఆమె కుట్టుమిషను మూసి, టేపు తీసి పక్కన పెట్టి వచ్చింది. రాజు మాత్రం వాళ్ళ ఇంటి గడప మీద కూర్చుని సందు చివరి నుంచి చూస్తున్నాడు, చేతులు దుప్పట్లో పెట్టుకుని. నేను అటు తలెత్తలేదు.

మొదటి బండి బచ్చప్పదే. ఆమె పైపు చేసి, బిగించి, బ్రేకు నూనెలో గాలి తీసి, నేను చెప్పకుండానే పోయి వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుంది. నేను సీటెక్కాను.

"ఎవరి చెయ్యి?"

"నా చెయ్యే అన్నా."

ఆ మాట నిజం. ఏడాది తర్వాత దాపరికం లేకుండా నేను విన్న మొదటి జవాబు. నా కాలు పెడలు మీదికి పోలేదు. ఎంత చెప్పినా పోలేదు. సీటు దిగాను, స్పానరు తీసుకుని చక్రం దగ్గరికి వచ్చి, ఆమె కళ్ళముందే నట్టు విప్పాను. ఇన్నేళ్ళలో జవాబు విన్నాక పెడలు తొక్కకుండా ఇంకొకరి నట్టు నేను విప్పి చూడటం అదే మొదలు.

మూతిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. డబుల్, నలభై అయిదు, అంచు అద్దంలాగా ఉంది. చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాను. నాకు ఏడుపొచ్చింది, ఆ సంగతి దాచను. సందు చివర గడప మీద వాడు లేచి, తలుపు దగ్గరికి వేసుకుని లోపలికి పోయాడు.

నట్టు మళ్ళీ బిగించాను. ఇప్పటికీ రోజూ ఆమెను అడుగుతాను, ఆమె జవాబు చెబుతుంది. ఆ తర్వాత నట్టు విప్పి చూస్తాను.